బి.పి. లేదా? లేక ఎవరూ చూడలేదా?



ఒక సోమవారం తెల్లవారుజామున ఒక మనిషిని ఆటోలో మా క్యాజువాల్టీకి తీసుకొచ్చారు. వయసు నలభై ఆరు. రైసుమిల్లులో హమాలీ పని. నిద్రలేచి చెంబు అందుకోబోతే చేయి లేవలేదట. నోరు ఒక పక్కకు వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది. మేము బి.పి. చూస్తే 210/120 ఉంది. స్కానింగ్‌లో మెదడులో రక్తనాళం చిట్లినట్టు తేలింది.

"ఇంతకుముందు బి.పి. ఉందామ్మా?" అని అతని భార్యను అడిగాము.

"లేదండీ డాక్టరు గారూ. మా ఆయనకి బి.పి., షుగరు ఏమీ లేవు. జ్వరమొచ్చినా పని మానే మనిషి కాదు" అన్నది ఆమె.

"ఎప్పుడైనా చూపించారా?" అని అడిగాము. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "లేదండీ, చూపించలేదు" అన్నది.

ఇంతలో పట్నం నుండి అతని అన్నగారు వచ్చారు. ఒక ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తున్నారు. ఆయనకూ బి.పి. ఉంది. ఆరేళ్ళ క్రితం కంటి ఆపరేషన్ కోసం పరీక్షలు చేయిస్తే బయటపడిందట. అప్పటి నుండి రోజుకు ఒక మాత్ర వేసుకుంటున్నారు, ఉద్యోగం చేసుకుంటున్నారు. "నాకు ఆరేళ్ళ క్రితమే తెలిసింది గదండీ, మా తమ్ముడికెందుకు తెలియలేదు?" అని ఆయన మమ్మల్ని అడిగారు.

ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. ఒకే జాడీలోని ఆవకాయ తిని పెరిగినవారు. ఇద్దరికీ వచ్చిన జబ్బు ఒకటే. అన్న చేతికి ఎవరో ఒకరు పట్టీ కట్టి చూశారు. తమ్ముని చేతికి ఎవరూ కట్టలేదు. ఆ ఒక్క తేడా వల్ల తమ్ముని కుడిచేయి పడిపోయింది. ప్రాణం దక్కింది గాని, ఇక బస్తా ఎత్తలేడు. ఇంటర్ చదువుతున్న కూతురు చదువు మాని నాన్న మంచం దగ్గర కూర్చున్నది.

అన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రక్తపోటు అంటే ఏమిటి?

గుండె రక్తాన్ని పంపు చేసినప్పుడు ఆ రక్తం నాళాల గోడలను నెడుతుంది. ఆ నెట్టుడునే రక్తపోటు అంటారు. గుండె ముడుచుకున్నప్పుడు ఉండేది పై అంకె, గుండె సేద తీరుతున్నప్పుడు ఉండేది కింది అంకె. ఆసుపత్రిలో సరిగ్గా చూసినప్పుడు, వేరువేరు రోజులలో పై అంకె 140 గాని అంతకు మించి గాని, లేదా కింది అంకె 90 గాని అంతకు మించి గాని ఉంటే దానిని అధిక రక్తపోటు అంటాము.

దీనితో వచ్చిన చిక్కేమిటంటే, ఇది నొప్పి పుట్టదు. చాలామంది "తల తిరిగితే, మెడ లాగితే బి.పి." అనుకుంటారు. ఎక్కువమందికి అలాంటివేవీ ఉండవు. మనిషి మామూలుగా పొలానికి పోతాడు, బండి తోలుతాడు, నవ్వుతాడు, నిద్రపోతాడు. లోపల మాత్రం మెదడు, గుండె, మూత్రపిండాలు, కళ్ళు వీటి నాళాలు ఏళ్ళ తరబడి దెబ్బ తింటూ ఉంటాయి. మనిషి ముఖం చూసి బి.పి. చెప్పగల వైద్యుడు ఎక్కడా లేడు. పట్టీ కట్టి చూడడం ఒక్కటే మార్గం. చూడకపోతే లేనట్టే ఉంటుంది. "లేదు" అన్న మాట వేరు, "చూడలేదు" అన్న మాట వేరు.

"డబ్బున్నవాళ్ళ జబ్బు" అన్న మాట నిజమేనా?

మన ఊళ్ళలో ఇంకా వినిపించే మాట ఇది. "కూర్చుని తినేవాళ్ళకి బి.పి. గాని, కష్టపడే ఒంటికి బి.పి. ఏమిటి?" అంటారు. ఈ మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. మన దేశంలో చేసిన అనేక సర్వేలలో పట్నాలవారిలోను, కలిగినవారిలోను రక్తపోటు కొంత ఎక్కువగానే కనిపించింది. అయితే పల్లెలలోను, పేదవారిలోను కూడా అది తక్కువేమీ కాదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 ఏళ్ళు దాటినవారిలో రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు లేదా దానికి మందు వాడుతున్నవారు దేశం మొత్తంలో స్త్రీలలో 21 శాతం, పురుషులలో 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో సుమారు 25 శాతం, పురుషులలో 29 శాతం. తెలంగాణలో సుమారు 26 శాతం, 31 శాతం. అంటే మన రెండు రాష్ట్రాలలోను దేశపు సగటు కంటే ఎక్కువే.

ఇంకొక సంగతి. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఒక ఏడాది పాటు జరిగిన మరణాలకు కారణాలు వెతికిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆ పల్లెలలో చనిపోయినవారిలో 32 శాతం మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. పక్షవాతం కూడా ఇందులోనిదే. అంటురోగాలతో పోయినవారు 12 శాతం. పల్లెటూరి మనిషిని తీసుకుపోయేది మలేరియా, విరేచనాలు మాత్రమే అనుకునే రోజులు అప్పటికే వెళ్ళిపోయాయి.

జబ్బు అందరిది, తెలియడం కొందరిది

అసలు తేడా జబ్బు రావడంలో కంటే అది తెలియడంలో ఉంది. ప్రపంచం మొత్తం మీద 2019 నాటికి 30 నుండి 79 ఏళ్ళ వారిలో సుమారు 128 కోట్ల మందికి రక్తపోటు ఉందని, వారిలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ 128 కోట్లలో మూడింట రెండు వంతుల మంది బీద, మధ్యతరగతి దేశాలలో ఉన్నవారే.

మన దేశం సంగతి చూద్దాం. 2015–16 జాతీయ సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ వయసు గల 7 లక్షల మందికి పైగా వివరాలను పరిశోధకులు పరిశీలించి 2019లో ప్రకటించారు. ఆ లెక్కను తేలికగా అర్థమయ్యేలా చెబుతాము. రక్తపోటు ఉన్న 100 మందిని ఒక వరుసలో నిలబెట్టామనుకోండి.

ఎప్పుడైనా ఒక్కసారి బి.పి. చూపించుకున్నవారు 76 మంది.
తమకు రక్తపోటు ఉందని తెలిసినవారు 45 మంది.
మందు వాడుతున్నవారు 13 మంది.
రక్తపోటు అదుపులో ఉన్నవారు 8 మంది.

నూటికి ఎనిమిది మంది! ఈ వరుసలో మధ్యలోనే రాలిపోతున్నది ఎవరు? పురుషులు, పల్లెలవారు, పెళ్ళి కానివారు, ఇంటి ఆస్తి తక్కువగా ఉన్నవారు. ప్రతి మెట్టు దగ్గర వీరే ఎక్కువగా వెనుకబడ్డారని ఆ పరిశోధన చెప్పింది. 2014లో వెలువడిన మరొక సమీక్షలో కూడా, తమకు రక్తపోటు ఉందని తెలిసినవారు పట్నాలలో 42 శాతం ఉంటే, పల్లెలలో 25 శాతం మాత్రమే. మా క్యాజువాల్టీకి వచ్చిన హమాలీ పురుషుడు, పల్లెవాడు, కూలివాడు. వెనుకబడేవారి గుర్తులలో మూడు అతనిలోనే ఉన్నాయి.

పేదవారికి ఎందుకు తెలియడం లేదు?

మేము వార్డులలో, ఓ.పి.లో రోగులతో మాట్లాడినప్పుడు తెలిసిన కారణాలు ఇవి.

*పని పోతుంది.* బి.పి. చూడడానికి పట్టేది అయిదు నిమిషాలే. కాని ఆసుపత్రికి వచ్చి, చీటీ తీసుకుని, వరుసలో కూర్చుని, తిరిగి వెళ్ళేసరికి ఒక రోజు కూలి పోయినట్టే. నెలజీతం వచ్చేవారికి సెలవు ఉంటుంది. రోజుకూలికి సెలవంటే పొయ్యి వెలగకపోవడమే. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు ఆ కూలి ఎవరు వదులుకుంటారు?

*తెలియకుండానే పరీక్ష జరిగే అవకాశం లేదు.* చదువుకున్నవారిలో, ఉద్యోగస్తులలో చాలామంది బి.పి. కోసమని బి.పి. చూపించుకోరు. ఉద్యోగంలో చేరేటప్పుడో, ఇన్సూరెన్సు పాలసీకో, ఆపరేషన్‌కు ముందో వేరే పని మీద వెళితే బయటపడుతుంది. గుమాస్తా అన్నగారికి జరిగింది అదే. హమాలీకి, కౌలు రైతుకు, ఇటుక బట్టీ కూలీకి ఆ దారులేవీ లేవు.

*తలనొప్పికి సూది, ఒళ్ళునొప్పులకు మాత్ర.* మా రోగికి ఏడాదిగా అప్పుడప్పుడు తలనొప్పి వచ్చేదట. ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గర సూది వేయించుకునేవాడు, మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కునేవాడు. ఎవరూ బి.పి. చూడలేదు. బస్తాలు మోసి నడుము పట్టేసినవారు రోజూ మింగే నొప్పి మాత్రలు రక్తపోటును ఇంకా పెంచగలవు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

*స్త్రీలకు కాన్పుతో సరి.* గర్భిణిగా ఉన్నప్పుడు ఆశా, ఏ.ఎన్.ఎం. ప్రతినెలా బి.పి. చూస్తారు. బిడ్డలు పుట్టి, ఆపరేషన్ అయిపోయాక ఆమె చేతికి పట్టీ కట్టేవారు ఉండరు. నెలసరి ఆగిన తరువాత రక్తపోటు పెరిగే వయసు వస్తుంది. ఆ వయసులోనే ఆమెను ఎవరూ పట్టించుకోరు. కోడలి ఆరోగ్యం, మనవల టీకాలు చూసుకునే అత్తగారు తన సంగతి ఎప్పుడూ అడగదు.

*కూర లేని కంచంలో ఉప్పు.* ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు తినమంటుంది. అంటే ఒక చిన్న టీ చెంచాడు. ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా లెక్క కట్టి 2017లో ప్రకటించిన అధ్యయనంలో మనిషి సగటున సుమారు తొమ్మిదిన్నర గ్రాములు తింటున్నట్టు తేలింది. కూరగాయలు కొనలేని ఇంట్లో అన్నంలోకి ఆవకాయ, గోంగూర పచ్చడి, ఉప్పు చేప, చల్లలో ఉప్పు – ఇవే ఆధారం. ఇది వారి నాలుక తప్పు అని మేము అనము.

*తెలిస్తే ఖర్చు అన్న భయం.* "చూపిస్తే ఏదో ఒకటి ఉందంటారు, ఆపైన జీవితాంతం మందులు" అని చెప్పేవారు మాకు తరచూ ఎదురవుతారు. కాని మొదటగా వాడే మామూలు బి.పి. మాత్రలు పాతవి, చవకైనవి. పక్షవాతం వచ్చాక స్కానింగు, ఐ.సి.యు., ఫిజియోథెరపీ, పోయిన సంపాదన – ఈ ఖర్చు ఒక కుటుంబాన్ని అప్పులోకి నెట్టేస్తుంది. భయపడవలసింది ఈ ఖర్చుకు.

ఒక గని పల్లె వైద్యుడు

ఈ సమస్య మనది మాత్రమే కాదు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో గ్లింకోరుగ్ అనే బొగ్గుగని పల్లె ఉంది. 1960ల మొదట్లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు అక్కడ ప్రాక్టీసు పెట్టారు. గని కార్మికులు నడి వయసులోనే గుండె జబ్బులతో, పక్షవాతంతో పోవడం ఆయన చూశారు. బాధ పుట్టి వచ్చేవారి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, 1960ల చివరిలో ఆ ఊరి పెద్దవారందరి బి.పి. చూడాలని పూనుకున్నారు. దగ్గుకో, దెబ్బకో వచ్చినవారికి కూడా పట్టీ కట్టేవారు. రానివారిని వెతికి మరీ చూసేవారు.

ఆయన 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక మాట రాశారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా దొరుకుతుందని దాని సారాంశం. అది నేటికీ వైద్య విద్యార్థులు చదువుకునే సూత్రం. పాతికేళ్ళ పని తరువాత లెక్క చూస్తే, అలాంటి కార్యక్రమం లేని పొరుగు పల్లె కంటే గ్లింకోరుగ్‌లో చిన్న వయసు మరణాలు తక్కువగా ఉన్నాయి. దానికి గొప్ప యంత్రాలేవీ వాడలేదు. బి.పి. పట్టీ, ఒక రిజిస్టరు, విడిచిపెట్టని ఓపిక – ఇవే ఆయన సాధనాలు.

మా వైపు లోపం

పేదవారు రాలేదని అనడం తేలిక. మేము మా వైపు కూడా చూసుకోవాలి. మా ఓ.పి. నడిచే వేళలు సరిగ్గా కూలిపని వేళలే. రోగికి తోడుగా వచ్చిన భర్త బెంచీ మీద గంటల తరబడి కూర్చున్నా, అతని బి.పి. చూడాలని మాకు తోచదు. చూసినా, అంకెను చీటీ మీద రాస్తామే గాని, "అయ్యా, మీకు బి.పి. ఎక్కువగా ఉంది, మళ్ళీ ఫలానా రోజు రండి" అని నోటితో చెప్పము. పైన చెప్పిన వరుసలో 76 మందికి చూసినా 45 మందికే తెలిసిందంటే, అందులో మా వంటివారి పాలు కూడా ఉందని ఒప్పుకుంటున్నాము.

ఎక్కడ చూపించుకోవచ్చు?

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివారికీ బి.పి. చూడడం ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమం. మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను, పట్టణ ఆరోగ్య కేంద్రంలోను ఉచితంగా చూస్తారు. హైదరాబాదు వంటి చోట్ల బస్తీ దవాఖానాలు ఉన్నాయి. ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు వెళ్ళాలో చెబుతారు. రక్తపోటు అదుపు కోసం 2017 నవంబరులో దేశంలో మొదలైన కార్యక్రమపు తొలి విడత అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. మందులు ఇంటికి దగ్గరలోనే నెలకు సరిపడా ఇవ్వడం, రానివారిని మళ్ళీ పిలవడం అందులోని పద్ధతి. బయట కొనుక్కోవలసి వస్తే జన ఔషధి దుకాణాలలో బి.పి. మాత్రలు చాలా తక్కువ ధరకు దొరుకుతాయి.

సరిగ్గా చూపించుకోవడం ఎలా?

1. చూపించుకునే ముందు అరగంట వరకు టీ, కాఫీ, బీడీ, సిగరెట్టు వద్దు. మూత్రం వస్తుంటే ముందు వెళ్ళి రండి.
2. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. వీపు కుర్చీకి ఆనించండి, పాదాలు నేలకు ఆనించండి.
3. చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. పట్టీ చర్మం మీదే కట్టాలి, చొక్కా మీద కాదు. చూస్తున్నంతసేపు మాట్లాడకండి.
4. ఒకటి రెండు నిమిషాలు ఆగి రెండోసారి చూడమని అడగండి.
5. "ఎంత ఉంది?" అని తప్పక అడగండి. చదువు రాకపోతే చీటీ మీద రాయించుకుని దాచుకోండి.

ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు అని కాదు, వేరొక రోజు మళ్ళీ చూడాలి. అయితే 180/110 గాని అంతకు మించి గాని ఉంటే వాయిదా వేయకుండా అదే రోజు డాక్టరును కలవండి. మందు మొదలుపెట్టాక బి.పి. మామూలుకు వచ్చిందని మానేయకండి. మందు పని చేస్తున్నందువల్లే అది మామూలుగా ఉంది. ఇంకొకరి మాత్రలు మీరు వేసుకోకండి, మీవి ఇంకొకరికి ఇవ్వకండి.

మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు ఉన్నట్టుండి బలహీనమవడం, మాట తడబడడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కొన్ని రకాల పక్షవాతానికి ఇచ్చే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పసరు మందుల కోసం తిరిగితే ఆ సమయం పోతుంది.

ఈ నెల మీరు చేయగల ఒక పని

ఈ పత్రిక చదువుతున్నవారిలో చాలామంది ఏదో ఒక సందర్భంలో బి.పి. చూపించుకునే ఉంటారు. గనుక ఈసారి మిమ్మల్ని మీ గురించి కాక, మీ చుట్టూ ఉన్నవారి గురించి ఆలోచించమని కోరుతున్నాము.

మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె, మీ పొలంలో పనిచేసే పాలేరు, మీ పిల్లలను బడికి దించే ఆటో ఆయన, మందిరం ఊడ్చి కుర్చీలు వేసే వాచ్‌మన్ – వీరి బి.పి. ఎప్పుడైనా ఎవరైనా చూశారా? అడగండి. "లేదండీ, నాకేం జబ్బు లేదు" అంటారు. అప్పుడు "లేదా? చూపించలేదా?" అని మరొక్కసారి అడగండి. ఒక పూట పని మాన్పించి, ఆ పూట కూలి కోయకుండా ఆరోగ్య కేంద్రానికి పంపండి. వీలైతే వెంట వెళ్ళండి. మీ ఇంట్లో బి.పి. మిషను ఉంటే వారిని కూర్చోబెట్టి చూడండి, అంకె కాగితం మీద రాసి వారి చేతికి ఇవ్వండి.

మేము కూడా ఒక పని మొదలుపెట్టాము. ఇప్పుడు మా ఓ.పి.లో రోగితో పాటు తోడుగా వచ్చినవారికి కూడా బి.పి. చూస్తున్నాము. దానికి వేరే చీటీ అక్కరలేదు. మా సిస్టర్లు "అమ్మా, అయ్యా, మీరూ చేయి ఇవ్వండి" అని అడిగితే కాదనకండి.

హమాలీ భార్య మొన్న భర్త చెకప్‌కు వచ్చింది. అతడు ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు నడుస్తున్నాడు. అన్నగారు ఫీజు కట్టి అమ్మాయిని మళ్ళీ కాలేజీలో చేర్పించారట. వెళ్ళబోతూ ఆమె కొంచెం మొహమాటంగా, "నాది కూడా చూస్తారా అమ్మా?" అని సిస్టరును అడిగింది. చూస్తే 150/96 ఉంది. రెండు రోజులాగి మళ్ళీ రమ్మన్నాము. వచ్చింది. మళ్ళీ ఎక్కువే ఉంది. మాత్ర మొదలుపెట్టాము.

ఈసారి ఆ ఇంట్లో జబ్బు ముందుగా తెలిసింది.